పులుపు తెలిసిన నాలుక

డబ్లిన్ నుంచి రాస్తున్నాను. పుట్టింది డర్బన్‌లో. మా పూర్వీకులు మద్రాసు రేవులో ఓడ ఎక్కి నేటాల్ చెరకు తోటలకు వచ్చారు. మీలో చాలామంది ఇళ్ళలో జరిగినట్టే మా ఇంట్లోనూ తెలుగు ఒక్కో గదే ఖాళీ చేస్తూ వెళ్ళింది. వంటింట్లో మాత్రం మిగిలింది. పులుపు, వగరు, కారం, చప్పన, కమ్మన: ఈ మాటలు ఎవరూ నేర్పకుండానే మాకు వచ్చాయి. తెల్ల వైన్ సీసా ఎంచుకోవడానికి ఈ మాటలే చాలునని ఇక్కడికి వచ్చాక తెలిసింది.

మా అమ్మకు మాత్రం ఏ రంగు వైనైనా మందే. చెరకు తోటల్లో తాగుడు ఎన్ని ఇళ్ళు ముంచిందో విన్న తరం ఆమెది. ఆ మాట నేను కాదనను. తాగని వాళ్ళు దీన్ని రుచుల పాఠంగా చదువుకోండి.

ముందు "డ్రై" అనే మాట చూద్దాం. నిఘంటువులో దీనికి "పొడి" అని ఉంటుంది. వైన్ విషయంలో మాత్రం "తీపి లేనిది" అని అర్థం. ద్రాక్షలోని చక్కెర దాదాపు అంతా పులిసిపోయి ఆల్కహాల్‌గా మారితే ఆ వైన్ డ్రై. నోరు ఎండినట్టు, నాలుక పట్టేసినట్టు అనిపిస్తే అది వేరు, దాన్ని మనం వగరు అంటాం. అరటికాయలో, చిక్కటి టీలో ఉండేది అదే. ఎర్ర వైన్‌లో అది ఎక్కువ.

ఇక పులుపు. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. మన చింతపండుకు పులుపునిచ్చేదీ అదే! ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. రెండోది మాలిక్ ఆమ్లం, అంటే పచ్చి ఆపిల్ పులుపు. కొన్ని వైన్లలో బాక్టీరియా ఈ రెండోదాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, అంటే పెరుగు పులుపుగా. అప్పుడు వైన్ మెత్తబడి కమ్మగా ఉంటుంది. మీకు చురుక్కుమనే వైన్ కావాలంటే అంత కమ్మనిది వద్దు.

పులుపును ఎలా కొలవాలి? ఒక గుక్క మింగి ఆగండి. నోరూరిందా? ఎంత ఎక్కువ ఊరితే అంత పులుపు. పళ్ళు పులిసిపోతే మాత్రం శ్రుతి మించినట్టే.

దుకాణంలో రుచి చూడనివ్వరు కాబట్టి సీసా మీది చీటీ చదవాలి. ఫ్రెంచిలో "సెక్", జర్మన్‌లో "ట్రోకెన్", ఇటాలియన్‌లో "సెక్కో" అంటే తీపి లేనిది. జర్మన్ రీస్లింగ్ మీద ట్రోకెన్ అని లేక, ఆల్కహాల్ 8, 9 శాతమే ఉంటే అందులో తీపి మిగిలి ఉంటుంది. బుడగల వైన్లలో ఇంకో చిక్కు ఉంది: "ఎక్స్‌ట్రా డ్రై" అన్నది "బ్రూట్" కంటే తియ్యన. ఈ పేరు పెట్టినవాళ్ళను ఏమనాలో మీరే చెప్పండి.

పేర్లు కావాలంటే ఫ్రాన్స్ నుంచి మస్కడే, పిక్‌పూల్, షాబ్లీ. స్పెయిన్ వాయవ్య తీరం నుంచి అల్బరీన్యో. గ్రీసు సాంటొరీని దీవి నుంచి అసిర్టికో. ఐర్లండ్‌లో ఆలిచిప్పలతో మస్కడే తాగుతారు. నా ఓటు మాత్రం స్టీన్‌కు. ఫ్రాన్స్‌లోని లువార్ లోయ ద్రాక్ష షెనిన్ బ్లాంక్ ఎప్పుడో దక్షిణాఫ్రికాకు వలస వెళ్ళి, అక్కడ స్టీన్ అనే పేరుతో బతికింది. రెండూ ఒకటేనని 1960ల్లో గానీ తేల్చలేదు. ఇప్పుడు ఆ ద్రాక్ష ఫ్రాన్స్‌లో కంటే అక్కడే ఎక్కువ పండుతుంది. కాగితాల్లో "నాయుడు" కాస్తా "నాయిడూ" అయిన ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఆ ద్రాక్ష మీద అభిమానం ఉండదా! కొనేటప్పుడు ఓక్ పీపాలో ఉంచనిది అడగండి.

ధర సంగతి. ఐర్లండ్‌లో మామూలు సీసా మీద ప్రస్తుతం 3.19 యూరోల ఎక్సైజ్ సుంకం, ఆపైన 23 శాతం వ్యాట్. 9 యూరోల సీసాలో పన్నులు పోగా మిగిలేది 4.13. అందులోనే గాజు, రవాణా, దుకాణం లాభం, చివరికి వైన్. 15 యూరోల సీసాలో మిగిలేది 9.01. అందుకే నేను రెండు చవక సీసాలకు బదులు ఒకటి మంచిది కొంటాను.

దేనితో తాగాలి? మన పులుసుతో. తిండి పులుపు వైన్ పులుపును మించితే వైన్ చప్పబడిపోతుంది. అందుకే చింతపండు వంటకు పుల్లని వైనే నిలబడుతుంది. ఆల్కహాల్ ఎక్కువైతే కారం మండుతుంది, 12 శాతం దగ్గర ఉన్నది చూడండి. హౌత్ రేవులో మాకరెల్ చేపలు తెచ్చి, మా అమ్మమ్మ చేసినట్టే మెంతులు, వెల్లుల్లి వేసి పులుసు పెడతాను. చేపల పులుసు మర్నాటికే బాగుంటుంది కదా, శనివారం రాత్రి వండి ఆదివారం మధ్యాహ్నం తింటాం. సీసా కూడా శనివారమే కొనిపెట్టుకోండి. ఇక్కడి దుకాణాలు ఆదివారం పన్నెండున్నర దాకా మద్యం అమ్మవు.