సినిమా అయిపోయాక మొదలయ్యే భయం

పోయిన ఏడాది మా టీమ్ అవుటింగ్ మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్ హౌస్‌లో పెట్టారు. పొద్దున దారిలోనే చిలుకూరు బాలాజీ దర్శనం అయిపోయింది. వీసా వచ్చిన పుణ్యానికి మా టెస్టింగ్ అమ్మాయి 108 ప్రదక్షిణలు చేస్తుంటే, మిగతావాళ్లం బయట మొక్కజొన్న కంకులు తింటూ కూర్చున్నాం. ఇక ఫామ్ హౌస్‌లో మామూలే. స్విమ్మింగ్ పూల్, అంత్యాక్షరి, బార్బెక్యూ పొగ. రాత్రి పదింటికి ప్రొజెక్టర్ పెట్టి "దెయ్యం సినిమా వేద్దాం" అన్నారు. ఎవరో "దెయ్యం సినిమా అంటే 'దెయ్యం' సినిమానే" అని జోకేశాడు. అదే ఖాయం అయింది.

రాంగోపాల్ వర్మ 1996లో తీసిన సినిమా. జేడీ చక్రవర్తి, మహేశ్వరి, జయసుధ. నేను పుట్టకముందుది. ఊరి బయట ఫామ్ హౌస్ కొనుక్కున్న కుటుంబం, పక్కనే శ్మశానం. ఫామ్ హౌస్‌లో కూర్చుని ఫామ్ హౌస్ దెయ్యం సినిమా చూడ్డం, అదో సరదా. చిన్నప్పుడు టీవీలో చూసి భయపడ్డ సీన్లకి ఇప్పుడు అందరం పగలబడి నవ్వాం. మా మేనేజర్ గారైతే మధ్యలోనే గురకపెట్టారు. నేనూ హాయిగా పడుకున్నాను. కల కూడా రాలేదు.

భయం బుధవారం స్టాండప్ మీటింగులో వచ్చింది!

దాని సంగతి చెప్పే ముందు కొంచెం సోది. హారర్ సినిమాలు రెండు రకాలని నా అభిప్రాయం. ఒకటి, తలుపు కిర్రుమని, ధబేల్మని మ్యూజిక్ వచ్చి, మనం పాప్‌కార్న్ ఒలకబోసుకునే రకం. పార్కింగ్‌లో బైకు తీసేలోపే ఆ భయం పోతుంది. మన భాషలో చెప్పాలంటే ఠక్కున క్రాష్ అయ్యే ప్రోగ్రాం. రీస్టార్ట్ చేస్తే సరి. రెండోది మెమొరీ లీక్ లాంటిది. రన్ అవుతున్నంతసేపూ అంతా బానే ఉంటుంది, టెస్టింగ్‌లో దొరకదు, ప్రొడక్షన్‌లోకి వెళ్లిన నాలుగో రోజు అర్ధరాత్రి సర్వర్ కూర్చుంటుంది. 2009లో మాధవన్‌తో విక్రమ్ కుమార్ తీసిన '13బి' నాకలా పనిచేసింది. కొత్త ఫ్లాట్లోకి దిగిన కుటుంబానికి ఏం జరుగుతుందో టీవీ సీరియల్లో ముందే వచ్చేస్తుంటుంది. చూసినప్పుడు "భలే ఐడియా" అనుకున్నాను. ఆ తర్వాత కొన్ని నెలలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు టీవీ మోగుతుంటే ఆ గదిలోకి వెళ్లడానికి ఒళ్లు జలదరించేది. దెయ్యాన్ని చూపించి ఊరుకుంటే మర్చిపోతాం. మనం రోజూ చూసే వస్తువుకి భయాన్ని అంటించి వదిలేస్తే మాత్రం ఆ వస్తువు ఉన్నన్నాళ్లూ అది పోదు.

ఇక బుధవారం సంగతి. ఎవరో జిరా టికెట్ గురించి చెబుతుంటే, ఎందుకో మేం ఉన్న ఆ ఫామ్ హౌస్ లాన్ గుర్తొచ్చింది. దెయ్యమూ కాదు, జయసుధ మొహమూ కాదు, ఆ పచ్చటి లాన్. అంత చదునుగా ఎలా ఉందబ్బా? దాని కింద ముందు ఏముండేది? అని మొదలైంది. అంతే, ఆ మీటింగులో తర్వాత ఎవరేం చెప్పారో నాకు తెలీదు.

ఎందుకంటే మాది చేవెళ్ల దగ్గర పల్లెటూరు. బీజాపూర్ రోడ్డుకి రెండువైపులా మర్రిచెట్లు ఉంటాయే, రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని కొట్టేయాలా వద్దా అన్న గొడవ ఎన్‌జీటీ దాకా వెళ్లింది, ఆ చెట్ల కిందుగా పోయి ఎడమకి తిరిగితే మా ఊరు. మా వైపు చాలా కుటుంబాల్లో పోయినవాళ్లని సొంత పొలంలోనే పెట్టుకుంటారు. మా తాత గోరి కూడా మా చేన్లో వేపచెట్టు కింద ఉండేది. పెద్ద కట్టడం ఏం కాదు, నాలుగు రాళ్లు, సున్నం. పెత్రమాస నాడు నాయిన అక్కడికెళ్లి దీపం పెట్టి, కొంచెం కల్లు సాక పోసి, తాతతో ఏదో మాట్లాడి వచ్చేవాడు. పంట సంగతో, నా చదువు సంగతో.

ఇక్కడ భూముల కథ తెలియాలంటే జీవో 111 తెలియాలి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువులు పాడవకూడదని 1996 మార్చి 8న ఇచ్చిన జీవో అది. ఆ సినిమా వచ్చిన ఏడాదే, చిత్రం చూడండి. మొయినాబాద్, చేవెళ్ల, శంషాబాద్, శంకర్‌పల్లి మండలాలు వగైరాల్లో 84 గ్రామాలు దాని కిందికొచ్చాయి. ఫ్యాక్టరీలు వద్దు, పెద్ద హోటళ్లు వద్దు, కాలనీలు వద్దు అన్నారు. మంచి ఉద్దేశమే, కాదన్ను. కానీ కాలనీ వద్దన్న చోట ఫామ్ హౌస్‌లు మొలిచాయి. 2022 ఏప్రిల్లో జీవో 69 తెచ్చి ఆ ఆంక్షలు ఎత్తేస్తామనేటప్పటికే సగం పొలాలకి ప్రహరీగోడలు లేచి ఉన్నాయి.

2017లో మేమూ అమ్మేశాం. అక్క పెళ్లి, నా ఇంజనీరింగ్ ఫీజులు, నాయిన మోకాళ్లు. అప్పుడు నేను రెండో సంవత్సరంలో ఉన్నాను. ఇంట్లో కాగితాలు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కొన్నాయన బానే మాట్లాడాడు. "పెద్దాయన గోరి జోలికి ఎందుకొస్తాం, మీరెప్పుడైనా వచ్చి మొక్కుకోండి" అన్నాడు. రిజిస్ట్రేషన్ రోజు నాయిన నన్ను పక్కకి పిలిచి, "గోరి సంగతి కాయితంల రాసిండ్రా బిడ్డా?" అని అడిగాడు. రాయలేదు. నేను చూశాను, రాయలేదని నాకు తెలుసు. అడిగితే బేరం ఎక్కడ చెడుతుందో అని, "మాట ఇచ్చిండు గద నాయినా, చాలదా" అన్నాను. నాయిన ఇంకేం మాట్లాడకుండా వేలిముద్ర వేశాడు.

రెండేళ్లు బానే నడిచింది. మూడో పెత్రమాసకి వెళ్తే కొత్త గేటు, కొత్త వాచ్‌మన్. ఒరిస్సా నుంచి వచ్చిన కుర్రాడు, తెలుగు రాదు. "కౌన్ చాహియే?" అని అడిగాడట. ఎవరు కావాలంటే నాయిన ఏం చెప్తాడు? గేటు సందులోంచి చూస్తే వేపచెట్టు లేదు. అక్కడంతా లాన్. రాళ్లు తీసి ఎక్కడ పడేశారో తెలీదు. రాళ్ల కింద ఉన్నది మాత్రం తీసి ఉండరు, అంత ఓపిక ఎవరికి?

'పోల్టర్‌గైస్ట్' అని 1982 నాటి ఇంగ్లీషు సినిమా ఉంది. స్పీల్‌బర్గ్ కథ, టోబ్ హూపర్ దర్శకత్వం. చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి, సస్పెన్స్ చెప్పేస్తున్నాను. శ్మశానాన్ని వేరే చోటికి మార్చామని చెప్పి కాలనీ కడతారు. నిజానికి మార్చింది పైన పాతిన రాళ్లని మాత్రమే, శవాలు అక్కడే ఉంటాయి. ఆ కాలనీలో ఇళ్లు అమ్మిపెట్టే ఉద్యోగి కుటుంబానికే దెయ్యాలు పట్టుకుంటాయి. హాస్టల్లో చూసినప్పుడు గ్రాఫిక్స్ పాతగా ఉన్నాయని ఎగతాళి చేశాను. ఇప్పుడు యూట్యూబ్‌లో దాని ట్రైలర్ కనిపించినా స్క్రోల్ చేసేస్తున్నాను. అన్నట్టు, దెయ్యాల సినిమాల్లో సగం రియల్ ఎస్టేట్ గొడవలే, గమనించారా? :)

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, ఏం బుద్ధి పుట్టిందో, 'దెయ్యం' మళ్లీ ఫోన్లో పెట్టాను. నాయిన పక్కన కూర్చుని చూశాడు. ఆయనకి దెయ్యాలంటే భయం లేదు, రాత్రిళ్లు ఒంటరిగా నీళ్లు పెట్టడానికి పోయిన మనిషి. కొంచెంసేపు చూసి, "అరేయ్, ఆ శ్మశానం ఏ ఊరోళ్లదిరా? ఆళ్లు దీపం పెట్టనీకి ఎట్ల పోతరు?" అని అడిగాడు.

అంతకు ముందు రెండుసార్లు చూశాను ఆ సినిమా. ప్రతిసారీ ఇంట్లోవాళ్లకి ఏమవుతుందో అనే చూశాను. పక్క వాళ్ల వైపు నుంచి చూడాలని ఒక్కసారీ తట్టలేదు. వాళ్ల లెక్కన రాత్రికి రాత్రి లేచి నిలబడ్డది ఆ ఇల్లే కదా. లైట్లూ, గేటూ, లోపల నవ్వులూ. మొయినాబాద్‌లో మేం నవ్వినట్టే.

"ఏమో నాయినా" అని ఆపేశాను.

పోయిన పెత్రమాసకి నేనూ వెంట వెళ్లాను. గేటు దగ్గర ఆగలేదు. ప్రహరీ చుట్టూ తిరిగి వెనక వైపుకి తీసుకెళ్లాడు. అడుగులు లెక్కపెట్టుకుంటూ ఒక చోట ఆగి, "ఈడికి సీదా లోపల" అన్నాడు. గోడ మొదట్లో దీపం పెట్టి, సాక పోశాడు. సిమెంటు గోడ కదా, కల్లు ఇంకలేదు. కిందికి కారి మా చెప్పుల దాకా వచ్చింది. లోపల ఎవరో పుట్టినరోజు పాట పెట్టుకున్నారు. నాయిన తాతతో ఏదో చెప్తున్నాడు గానీ ఆ సౌండుకి నాకేం వినపడలేదు. కాగితం సంగతి మాత్రం ఆయన ఇప్పటిదాకా నన్ను అడగలేదు.