షెట్లండు పొట్టి గుర్రాలు

స్కాట్లండుకు ఉత్తరాన, సముద్రం మధ్య షెట్లండు దీవులు ఉన్నాయి. చిన్నవీ పెద్దవీ కలిసి సుమారు వంద దీవులు. మనుషులు కాపురముండేవి ఇరవైలోపే. అబర్డీను రేవులో సాయంకాలం ఓడ ఎక్కితే మీరు మర్నాటి ఉదయం లెర్విక్ పట్నంలో దిగుతారు. ఊరు దాటి వెళితే చెట్టు కనిపించటం అరుదు. గాలి అంత బలంగా వీస్తుంది. ఆ గాలిలోనే, కొండవాలుల మీద గుర్రాలు మేస్తూ ఉంటాయి. దూరం నుంచి చూసి అవి గుర్రప్పిల్లలనుకుంటారు. కావు, ఎదిగిన గుర్రాలే!

షెట్లండు గుర్రం ఎంత పెరిగినా మూపు దగ్గర 42 అంగుళాలకు మించదు. అంటే ఎనిమిదేళ్ళ కుర్రవాడి భుజం వరకు వస్తుందన్నమాట. వెనకటికి ఇవి ఇళ్ళకు పీటు మోసేవి. పీటంటే చిత్తడినేలలో తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డ; కట్టెలు దొరకనిచోట అదే వంటచెరుకు. 1842 లో బ్రిటనులో ఒక చట్టం వచ్చి, ఆడవాళ్ళనూ, పదేళ్ళలోపు మగపిల్లలనూ బొగ్గుగనుల్లోకి దింపరాదన్నది. ఆ తరవాత గనుల్లో బండ్లు లాగే చాకిరీ ఎన్నో పొట్టి గుర్రాల మీద పడింది. పాపం, మనుషుల పిల్లలు బయటపడితే ఇవి లోపలికి పోయాయి!

ఇప్పుడు ఆ చాకిరీ లేదు. ముచ్చటకోసం పెంచుతున్నారు. 34 అంగుళాలకు మించని మరీ పొట్టివాటిని మినియేచరు గుర్రాలంటారు. అయితే ఆ పొట్టితనం ఒక్కొక్కసారి తల్లి ప్రాణం మీదికి తెస్తుంది. ఒళ్ళు తగ్గినంతగా పిల్ల తల తగ్గదు. తల్లి కటి ఎముకల మధ్య దారి మాత్రం ఇరుకే.

గుర్రం సుమారు పదకొండు నెలలు మోసి, ఎక్కువగా రాత్రివేళ ఈనుతుంది. జూన్ నెలలో షెట్లండులో రాత్రి పూర్తిగా చీకటి పడదు. అటువంటి రాత్రి, చూడిగుర్రాన్ని కనిపెట్టుకుని ఉన్న రైతు పక్కన మీరూ కూర్చున్నారనుకోండి. బావిలోకి దూకే కుర్రవాడు రెండు చేతులూ చాచి, మధ్య తల పెడతాడే, పిల్ల కూడా అలాగే రావాలి: ముందుకాళ్ళు రెండూ, వాటిమీద మూతి. కాని మీకు కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. మూతి లేదు. తల వెనక్కు మళ్ళి ఉన్నది.

ఆవు గంటల తరబడి ఆగినా ఆగుతుంది. గుర్రానికి అంత వ్యవధి లేదు. ఉమ్మనీరు పోయాక అరగంటలోపల పిల్ల బయటపడాలి. ఆలస్యమైతే మాయ విడిపోయి, పిల్లకు ప్రాణవాయువు అందదు. పశువైద్యుడికి ఫోను చేశారు, ఆయన మరొక దీవి నుంచి పడవ దాటి రావాలి. రైతు చేతులు కడుక్కుని, నొప్పి ఆగినప్పుడల్లా పిల్లను మెల్లగా లోపలికి నెట్టి తల సరిచేయటానికి చూస్తాడు. చివరకు తల తిరుగుతుంది, పిల్ల బయటికి వస్తుంది. ముక్కులు తుడుస్తాడు, గడ్డిపరకతో ముక్కులో గిలిగింత పెడతాడు, తువాలుతో ఒళ్ళంతా రుద్దుతాడు. పిల్ల ఊపిరి తీయదు.

దాన్ని వెంటనే కప్పేయమని మీకు అనిపిస్తుంది. రైతు కప్పడు. తల్లి లేచి, పిల్లను వాసన చూస్తుంది, నాకుతుంది, గొంతులోనే సన్నగా పిలుస్తుంది. మూతితో పొడుస్తుంది. మళ్ళీ పిలుస్తుంది. పిల్లను ముందుగానే తీసేస్తే తల్లి దాన్ని వెతుక్కుంటూ తిరుగుతుందని పెంపకందారులకు తెలుసు. అందుకే కొన్ని గంటలు అలా వదిలేస్తారు. ఈలోగా మాయ పూర్తిగా పడిందో లేదో చూసుకోవాలి. మూడు గంటలకు కూడా పడకపోతే తల్లికే ప్రమాదం.

తెల్లవారాక తల్లి పిల్లను వదిలి, నాలుగడుగులు వేసి గడ్డి కొరుకుతుంది. అప్పుడు రైతు పిల్లను తీసుకుపోతాడు.

మళ్ళీ వచ్చి తల్లి పక్కన మోకాళ్ళమీద కూర్చుని ముర్రుపాలు పితుకుతాడు. గుర్రప్పిల్ల రోగాలను ఎదిరించే శక్తి లేకుండానే పుడుతుంది. మొదటి కొద్ది గంటల్లో ముర్రుపాలు తాగితేనే ఆ శక్తి వస్తుంది. ఇంత చిన్న గుర్రం దగ్గర వచ్చేది చిన్న సీసాడే. సీసామీద తేదీ రాసి, ఇంట్లో మంచుపెట్టెలో భద్రపరుస్తాడు. ఆ దీవిలో మరెక్కడైనా తల్లి లేని పిల్ల పుడితే, దానికి పట్టటానికి.