ముక్కాలి బండి

పసిబిడ్డను మోసే తీరుకు మన తెలుగిళ్ళలో మాటలకు కొదవ లేదు. చంకనెత్తుకోవడం, భుజాన వేసుకోవడం, ఒడిలో పడుకోబెట్టుకోవడం, వీపున కట్టుకోవడం. వీటిలో ఏ ఒక్కదానికీ చక్రంతో పని లేదు. మన ఇళ్ళలోకి చక్రం ప్రవేశించేది బిడ్డ అడుగులు వేయడం మొదలుపెట్టిన తరువాతనే. వడ్రంగి చేసి ఇచ్చే మూడు చక్రాల నడక బండిని పట్టుకొని ఇల్లంతా గిరగిర తిరగని తెలుగు బిడ్డ మా తరంలో అరుదు. అయితే ఆ బండిని తోసేది బిడ్డ. బిడ్డ కూర్చుండగా పెద్దలు తోసే బండి మనకు కొంత కొత్త. దానికి సరియైన తెలుగు మాట కూడా స్థిరపడలేదు. 'తోపుడు బండి' అంటే అరటిపళ్ళ వ్యాపారి కళ్ళ ముందు నిలుస్తాడు. అందుచేత ఈ వ్యాసంలో దానిని 'పిల్లల బండి' అనే పిలుస్తాము.

ఈ విషయమై మేము ఇంతగా ఆలోచించవలసి రావడానికి కారణం జంషెడ్‌పూర్‌లోని కదమాలో కాపురముంటున్న మా అమ్మాయి. మా మనుమరాలికి ఎనిమిది నెలలు నిండాయి, ఎనిమిది కిలోల బరువుంది. అమ్మాయి సెలవు ముగిసి ఉద్యోగంలో చేరవలసిన రోజు దగ్గరపడింది. బిడ్డను చూసుకోవడానికి మా శ్రీమతి అక్కడ ఉండాలన్నది ఇరువైపుల వారమూ కలిసి చేసిన నిర్ణయం. కాని ఆమెకు నడుములో డిస్కు జారి రెండేళ్ళయింది. ఐదు కిలోలకు మించి ఎత్తరాదని వైద్యులు ఖండితంగా చెప్పారు. బిడ్డను ఎత్తుకోలేని అమ్మమ్మ ఆ బిడ్డను బయటి గాలికి ఎట్లు తిప్పగలదు? ఇంటి నాలుగు గోడల మధ్యనే ఇద్దరూ రోజంతా గడపవలసినదేనా? ఈ ప్రశ్నకు జవాబుగా పిల్లల బండి ప్రస్తావన వచ్చింది.

మా శ్రీమతి మొదట ససేమిరా అన్నది. "అమ్మమ్మకు చేతులు లేవా, బిడ్డను బండిలో వేసి తోస్తున్నది అని నలుగురూ అనుకోరా?" అన్నది ఆమె వాదన. మేము వెంటనే బదులు చెప్పలేదు. ఇంజనీరింగు వృత్తిలో ముప్పై ఏళ్ళు గడిపిన వారికి ఒక అలవాటు అబ్బుతుంది. అభ్యంతరం వినిపించినప్పుడు దానిని రాసి పెట్టుకొని, ముందు కొలతలు తీసుకుంటాము.

పిల్లల బండి చరిత్ర కొంత చదివితే మాకు ధైర్యం కలిగింది. ఇంగ్లండులో 1733లో విలియం కెంట్ అనే శిల్పి డెవన్‌షైర్ ప్రభువు పిల్లల కోసం చేసిన చిన్న బండిని జంతువు లాగేది. పెద్దలు తోసే బండ్లు తరువాతి శతాబ్దంలో వాడుకలోకి వచ్చాయి. మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించినది ఓవెన్ మెక్లారెన్ అనే విమాన ఇంజనీరు కథ. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు స్పిట్‌ఫైర్ విమానం చక్రాల అమరికలో ఆయన చేయి ఉంది. ఆయన కుమార్తె మాస్కో నుండి బిడ్డతో ఇంగ్లండు వచ్చినప్పుడు ఆమె బరువైన బండితో పడుతున్న అవస్థ చూసి, అల్యూమినియం గొట్టాలతో గొడుగులాగ ముడుచుకునే బండిని రూపొందించి 1965లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. అది మూడు కిలోలకు లోపే. విమానం చక్రాలు ముడిచిన అనుభవం మనుమరాలి బండికి పనికి వచ్చిందన్నమాట. మూడు చక్రాల పరుగు బండి 1984 నాటిది. అమెరికాలో ఫిల్ బేచ్లర్ అనే పాత్రికేయుడు తన కొడుకును వెంటబెట్టుకొని పరుగెత్తాలన్న కోరికతో బండికి సైకిలు చక్రాలు తగిలించాడు. ఇద్దరూ తమ ఇంటి అవసరం తీర్చుకోబోయి లోకానికి ఒక వస్తువును ఇచ్చారు.

ఇక స్థల పరిశీలన. 1907లో ఉక్కు సంస్థ ఏర్పడి, సాక్చి అనే పల్లె వద్ద కర్మాగారం లేచి, 1919లో జంషెడ్‌పూర్ అన్న పేరు పొందిన ఊరు ఇది. విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, తోటలకు చాలినంత చోటు ఉండాలని జంషెడ్జీ టాటా 1902లోనే కుమారునికి జాబు రాశారు. 1958లో ప్రారంభమైన జూబిలీ పార్కు ఆ తలంపుకు నిదర్శనం. పార్కులోని బాటల మీద ఏ బండియైనా నడుస్తుంది. కాని కదమా ఇంటి నుండి బయలుదేరితే దారిలో కంకర తేలిన చోట్లు, కాలువ మూతల అంచులు, బిష్టుపూర్ బజారు పక్కన ఎగుడుదిగుడు పలకలు ఉన్నాయి. మేము ఒక ఉదయం టేపు పట్టుకొని ఆ దారిలో నడిచాము. తరచుగా ఎదురయ్యే గట్టు ఎత్తు మూడు సెంటీమీటర్లు.

ఈ మూడు సెంటీమీటర్లే మా నిర్ణయానికి మూలం. చక్రం గట్టును ఎక్కడానికి కావలసిన బలం చక్రం వ్యాసార్ధం మీద ఆధారపడుతుంది. 15 సెంటీమీటర్ల వ్యాసం గల చిన్న చక్రం మూడు సెంటీమీటర్ల గట్టు ఎక్కాలంటే, ఆ చక్రంపై ఉన్న బరువుకు 1.33 రెట్ల బలం ఇరుసు వద్ద అడ్డంగా కావాలి. 30 సెంటీమీటర్ల చక్రమైతే 0.75 రెట్లు చాలు. అంటే దాదాపు సగం. నడుము నొప్పి గల మనిషికి ఈ తేడా చిన్నది కాదు. పైగా ముందు ఒకే చక్రం ఉంటే, పిడిని కొంచెం అదిమితే చాలు, అది లేచి గట్టు మీద వాలుతుంది. రెండు ముందు చక్రాల బండిలో ఒక చక్రం గట్టుకు ముందుగా తగిలి బండి పక్కకు తిరగజూస్తుంది.

మూడు చక్రాలకు మరొక సుగుణం ఉంది. మన వంటింటి ముక్కాలి పీట ఎంత గుంతల నేల మీదనైనా ఊగదు. నాలుగు కాళ్ళ కుర్చీ ఊగుతుంది. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి గనుక మూడు చక్రాలూ నేలను విడువవు. అయితే ఊగకపోవడం వేరు, పడకపోవడం వేరు. ఇక్కడ చాలామంది పొరబడతారు. వెనుక చక్రాల మధ్య 60 సెంటీమీటర్లు, ముందు వెనుకల మధ్య 70 సెంటీమీటర్లు, గరిమనాభి నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున, వెనుక ఇరుసుకు 20 సెంటీమీటర్లు ముందుగా ఉన్నదనుకుందాము. అదే కొలతల నాలుగు చక్రాల బండి పక్కకు 31 డిగ్రీలు ఒరిగిన తరువాత పడుతుంది. మూడు చక్రాలది సుమారు 21 డిగ్రీలకే పడుతుంది. కారణమేమంటే, అది ఒరిగేది పక్క అంచు మీద కాదు, ముందు చక్రాన్ని వెనుక చక్రంతో కలిపే ఏటవాలు గీత మీద. కావున మూడు చక్రాల బండి కొనేవారు వెనుక చక్రాల మధ్య వెడల్పు ఎక్కువగాను, కూర్చునే చోటు తక్కువ ఎత్తులోను ఉన్నదే ఎంచుకోవాలి. మలుపులో వేగం పనికిరాదు.

దుకాణానికి వెళ్ళేటప్పుడు మేము ఎనిమిది కిలోల గోధుమపిండిని సంచిలో కట్టి వెంట తీసుకుపోయాము. దానిని బండిలో కూర్చోబెట్టి పట్టీలు బిగించి దుకాణం ముందు తోస్తుంటే అక్కడి కుర్రవాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వినా ఒక మేలు చేశాడు. అక్కడ ఉన్న బండ్లన్నీ ఒకదాని తరువాత ఒకటి బయటకు తెచ్చి పెట్టాడు. ఖాళీ బండిని తోసి చూసి కొనడమంటే, ఖాళీ లారీని నడిపి ఇంజను మెచ్చుకోవడం వంటిదే.

తేలికపాటి నాలుగు చక్రాల బండ్లు ఆరు కిలోలు, పెద్ద చక్రాల మూడు చక్రాలవి పదకొండు కిలోలు తూగాయి. అమ్మాయి ఇల్లు రెండవ అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ఈ చిక్కును ఏ బండీ విప్పలేదని ముందుగానే ఒప్పుకోవడం మంచిది. మా శ్రీమతి బిడ్డను గాని బండిని గాని మెట్ల మీద మోయరాదు. అందుచేత బండిని మెట్ల కింద గొలుసుతో కట్టి ఉంచాలని, ఉదయం పనికి పోయే ముందు అల్లుడు గారు, సాయంత్రం వచ్చిన తరువాత అమ్మాయి బిడ్డను కిందికి దించి, తిరిగి పైకి చేర్చాలని ఏర్పాటు చేసుకున్నాము.

ఇంత లెక్క అయిన తరువాత కూడా మా శ్రీమతి ముఖంలో సంతోషం కనబడలేదు. గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. నలుగురూ అనుకునే మాట ఆమెను బాధించడం లేదు. "బండిలో కూర్చుంటే అది ఎటో చూస్తుంది. నేను వెనక ఉంటాను. దాని ముఖం నాకు కనబడదు, నా ముఖం దానికి కనబడదు. ఎత్తుకోవడం ఎట్లాగూ లేదు, చూసుకోవడం కూడా లేకపోతే నేను అమ్మమ్మనేనా, బండి తోసే మనిషినా?" అన్నది.

ఆమె అడిగినది న్యాయమైన ప్రశ్న. పరుగు బండ్లలో బిడ్డ ముందుకే చూస్తుంది. కాని ఇటూ అటూ తిప్పి అమర్చుకునే పీట కొత్తది కాదు. అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన విలియం రిచర్డ్‌సన్ దానికి 1889లోనే పేటెంటు పొందాడు. అట్టి పీట గల మూడు చక్రాల బండి రెండు కిలోలు అధికంగా తూగింది, వెల కూడా ఎక్కువే. అయితే బండి మెట్లు ఎక్కదని ముందే నిశ్చయించుకున్నాము గనుక ఆ రెండు కిలోలు ఎవరి నడుము మీదా పడవు. మాకు పరుగెత్తే ఉద్దేశం లేదు. కనుక అదే కొన్నాము.

పీట తిప్పితే లెక్క కూడా తిరుగుతుందని గుర్తుంచుకోవాలి. అమ్మమ్మ వైపు చూసేటట్లు అమర్చినప్పుడు బిడ్డ బరువు నిలిచే చోటు మారుతుంది. అది వెనుక ఇరుసుకు దగ్గరైతే పక్కకు ఒరిగే భయం తగ్గుతుంది, వెనక్కు పడే భయం పెరుగుతుంది. పిడికి కూరగాయల సంచి తగిలించడం అందరూ చేసే పని. 13 కిలోల ఖాళీ బండి గరిమనాభి ఇరుసుకు 12 సెంటీమీటర్లు ముందుంటే దాని పట్టు 156. ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనుకనున్న పిడికి ఆరు కిలోల సంచి తగిలిస్తే దాని లాగుడు 180. బిడ్డ కూర్చున్నంతసేపూ ఏమీ కాదు. బిడ్డను ఎత్తిన క్షణంలో బండి వెల్లకిలా పడుతుంది. సంచిని పీట కిందనున్న బుట్టలోనే పెట్టాలి.

మరి కొన్ని మాటలు. ముందు చక్రం నునుపు బాట మీద స్వేచ్ఛగా తిరగాలి. కంకర మీద మాత్రం దానికి గడియ వేసి నిటారుగా నిలపాలి, లేకుంటే గడగడ ఊగుతుంది. గాలి చక్రాలు కుదుపును తగ్గిస్తాయి గాని పంక్చరు పడతాయి. వాటికి తరచుగా మోటారు వాహనాల తరహా వాల్వు ఉంటుంది, మన మామూలు సైకిలు పంపు పట్టదు. తగిన పంపు ముందే కొనుక్కోవాలి. రెండు భుజాలు, రెండు తుంటి పక్కలు, కాళ్ళ నడుమ కలిపి ఐదు చోట్ల పట్టే పట్టీ ఉండాలి. 2009 అక్టోబరులో మెల్బోర్న్‌లోని ఒక రైల్వే ప్లాట్‌ఫారం మీద తల్లి చేయి విడిచిన క్షణంలో పిల్లల బండి పట్టాల మీదికి దొర్లి రైలు కింద పడింది. బిడ్డ బ్రతకడం అదృష్టం. ఆగిన ప్రతిసారీ బ్రేకు తొక్కాలి, నడిచేటప్పుడు మణికట్టు పట్టీ తగిలించుకోవాలి. జంషెడ్‌పూర్ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీడ కోసమని బండి మీద గుడ్డ కప్పితే లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది. ఆ రోజుల్లో తెల్లవారుజామున తిప్పడమొక్కటే మార్గం.

ఇప్పుడు ఉదయం ఆరున్నరకు మా శ్రీమతి బండి తోసుకుంటూ వీధి చివరి వరకు పోయి వస్తుంది. మనుమరాలు ఆమె ముఖం చూస్తూ కేరింతలు కొడుతుంది, ఆమె దానికి చెట్ల పేర్లు చెబుతుంది. ఆ వీధిలో శ్రీకాకుళం, విజయనగరం నుండి తాతల నాడు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. ఒక పెద్దావిడ బండిని ఆపి, "మూడు చక్రాలేనా అమ్మా, పడిపోదూ?" అని అడిగిందట. "ముక్కాలి పీట మీద మీరెప్పుడైనా కూర్చోలేదా పిన్నిగారూ? మలుపులో మాత్రం మెల్లగా పోవాలి" అని మా శ్రీమతి జవాబిచ్చిందట. ఈ సంగతి ఆమె ఫోనులో చెప్పింది. తన నడుము నొప్పి గురించి ఆ రోజు ఏమీ చెప్పలేదు.