మస్తానమ్మ చేతులు

11 ఏళ్లకే పెళ్లయి, 22 ఏళ్లకే భర్తను పోగొట్టుకుని, ఐదుగురు పిల్లలను కూలిపనులతో సాకిన కర్రె మస్తానమ్మ, 2016లో మునిమనవడి పూనికతో యూట్యూబ్‌లో వంటలు చూపడం మొదలుపెట్టేనాటికి నూరేళ్లు దాటినట్లు చెప్పుకునే వృద్ధురాలు. తెనాలి సమీపంలోని గుడివాడలో, ఆరుబయట కట్టెల పొయ్యి ముందు కూర్చుని, అల్లం పొట్టును గోళ్లతోనే ఒలిచి, మసాలాను సన్నికల్లుపై, అంటే పొత్రంతో నూరే చదునైన రాతిపై, మెత్తగా నూరి, పుచ్చకాయ డొల్లలో కోడికూర సైతం వండిన ఆ చేతులకు కొలతలు ఏ పుస్తకమూ నేర్పలేదు. వండినదాన్ని నలుగురికీ వడ్డించే ఆమెను లక్షలాది ప్రేక్షకులు సొంత బామ్మగా ప్రేమించడం ఎంతో సముచితం. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూశారు. ఆ రెండేళ్ల ఖ్యాతికన్నా, ఎవరూ చిత్రీకరించని కూలి దశాబ్దాలే స్మరణకు మరింత అర్హమైనవి.