పొమేరియనా, లాబ్రడారా? అబ్బా ఇంట్లో మష్వరా



అమ్మీ ఇంతెఖాల్ తరువాత కూచిపూడి ఇంట్లో అబ్బా ఒక్కరే ఉంటున్నారు. వయసు 72. నేను బెజవాడలో, భాయ్‌జాన్ కువైట్‌లో. ఇషా దాటి, డాన్సు నేర్చుకునే పిల్లల గజ్జెల చప్పుడు కూడా ఆగిపోతే, అంత పెద్ద పెరడుకు ఆయనే కాపలా. మొన్న చలికాలంలో పెరట్లో నీళ్ల మోటారు ఎవరో విప్పుకుపోయారు. అబ్బాకు కుడి చెవి సరిగా వినపడదు. ఫజర్‌కు లేచి వజూకు నీళ్లు పట్టబోతేగానీ సంగతి తెలియలేదు. అప్పటినుంచి ఇంట్లో ఒకటే బహస్: కుక్కను తెద్దాం సరే, ఏ కుక్కను?

"నమాజీ ఇంట్లో కుక్కేమిటి?" అని మీలో కొందరికి అనిపిస్తుంది. మా ఖాలా ఫోన్ చేసి మరీ అడిగారు. అబ్బా నెమ్మదిగానే చెప్పారు. ఊరికే కుక్కను పెంచేవారి సవాబ్ రోజూ తగ్గుతుందన్న హదీసులోనే వేటకు, పశువులకు, పొలానికి మినహాయింపు ఉంది. ఇంటి కాపలాకూ అదే ఇజాజత్ వర్తిస్తుందని ఎందరో ఉలమా చెప్పారు. మా హనఫీ ఫిఖ్హ్‌లో కుక్క లాలాజలం నాపాక్. అది నోరు పెట్టిన గిన్నె, చొంగ అంటిన బట్ట కడగాల్సిందే. పొడి ఒళ్లు తగిలినంత మాత్రాన బట్టలు నాపాక్ కావు. అందుకని దాని చోటు అరుగు, జానిమాజ్ చోటు లోపలి గది. అస్‌హాబె కహఫ్ వెంట ఉన్న కుక్క కూడా గుహ గుమ్మం దగ్గరే కాళ్లు చాపుకుని ఉందని ఖురాన్‌లో చదువుతాం కదా. దప్పికతో అల్లాడే కుక్కకు నీళ్లు తాగించిన మనిషికి మగ్‌ఫిరత్ దొరికిన కిస్సా ఖాలాకూ తెలుసు. ఇక ఏమీ అనలేదు.

భాయ్‌జాన్ ఓటు లాబ్రడార్‌కు. నా పిల్లలదీ అదే. నిజంగా ముచ్చటైన కుక్క. దాని ఖాందాన్ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్ల వెంట సముద్రంలో ఈదినది, నీళ్లంటే ప్రాణం. మన డెల్టాలో కాలువ కనపడితే ఆగుతుందా? పెరిగితే 25 నుంచి 35 కిలోలు. రోజూ గంటసేపు నడిపించకపోతే ఒళ్లు చేస్తుంది, తుంటి కీళ్లు పాడవుతాయి. గొలుసు పట్టుకున్న అబ్బాను ఒక్క ఊపు లాగితే? ఆ వయసులో తుంటి విరిగితే మంచమే. పైగా దాని దిల్ పెద్దది, కొత్తవాళ్లను చూసినా తోక ఊపుతుంది. మోటారు దొంగకు టార్చి పట్టుకోదని నమ్మకమేమిటి?

నా ఓటు పొమేరియన్‌కు. మన ఊళ్లలో ఆ పేరుతో పిలిచేది చాలావరకు ఇండియన్ స్పిట్జ్. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్'లో టఫీ గుర్తుందా, అదే జాతి. తిండి తక్కువ, పెరట్లో నాలుగు చుట్లు తిరిగితే చాలు. ఆకు కదిలినా మొరుగుతుంది. పొరుగువాళ్లకు పరేషానీయే గానీ మాకు కావలసింది ఆ మొరుగుడే. అబ్బాకు ఎడమ చెవి బాగానే పనిచేస్తుంది. బొచ్చు మాత్రం రోజూ దువ్వాలి. ఎండాకాలమని గొరిగించకూడదు, ఆ బొచ్చే ఎండ నుంచి కాపాడుతుంది. మే నెలలో మధ్యాహ్నం నీడా, చల్లటి నీళ్లూ ఉండాలి.

ఏదైనా కొన్ని జిమ్మేదారీలు తప్పవు. రేబిస్ టీకా మూడు నెలలకు మొదలుపెట్టి, డాక్టరు చెప్పినట్టు మళ్లీ మళ్లీ వేయించాలి. వానల్లో పిడుదులు చూసుకోవాలి. మిగిలిన బిర్యానీ పెట్టేద్దాం అనుకోకండి, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు జహర్. బక్రీద్‌కు ఉడికించిన ఎముకలూ వేయకూడదు, విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఇదంతా వీడియో కాల్‌లో గంటసేపు మాట్లాడుకున్నాం. అబ్బా అంతా విని ఒక్క సవాల్ అడిగారు.

"బేటా, ఇది పన్నెండు, పదమూడేళ్లు బతుకుతుంది. నేను ముందు పోతే దాని రిజ్క్ ఎవరి జిమ్మా?"

అందరం ఖామోష్. మేము దొంగ గురించి ఆలోచించాం, ఆయన ఆ నోరులేని మఖ్లూఖ్ గురించి ఆలోచించారు. కాపలా కోసం తెచ్చుకుని, ఇంటికి తాళం పడిన రోజు వీధిలో వదిలేస్తే అది అమానత్‌లో ఖియానత్ కాదూ?

ఫైసలా అక్కడే జరిగింది. రెండో అంతస్తులో ఉన్న నా ఫ్లాటులో లాబ్రడార్‌ను ఉంచలేను. చిన్న స్పిట్జ్‌ను ఉంచగలను, బాల్కనీ దానికి వదిలేస్తాను. "నా జిమ్మా, అబ్బా" అన్నాను. భాయ్‌జాన్ కూడా ఒప్పుకున్నారు, టీకాల ఖర్చు తనదన్నారు.

పిల్ల వచ్చే నెల వస్తుంది, ఇన్షాఅల్లాహ్. అబ్బా అప్పుడే అరుగు మీద గోనెసంచి పరిచి, పక్కన ఒక మట్టి మూకుడు పెట్టారట. వాకిట్లో కాకులు రోజూ అందులో నీళ్లు తాగిపోతున్నాయని నిన్న ఫోన్‌లో చెప్పారు. అమ్మీ పోయాక ఆయన గొంతులో అంత హుషారు వినడం అదే మొదటిసారి.