బడికి కొలబద్ద

పదవ తరగతి ఫలితములు వెలువడగానే ఏ బడి మొదటిది, ఏ బడి కడపటిది అని జనులు లెక్కింతురు. ఆ లెక్కలో మార్కులు కనబడును గాని, వానిని తెచ్చిన పిల్లల ఇండ్లు కనబడవు.

1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా నున్నపుడు నల్లగొండ జిల్లా సర్వేల్ గ్రామమున ప్రభుత్వము మొదటి గురుకుల పాఠశాలను నెలకొల్పెను. తెలివిగల పిల్లలను పరీక్షించి ఎంపిక చేసి, భోజనము, వసతి, చదువు ఒక్కచోటనే సమకూర్చిరి. వారిలో పలువురు ఉన్నతోద్యోగులైరి. పేదరికము తెలివికి అడ్డుగోడ కాదని రుజువయ్యెను. అయినను ఆ గెలుపులో బోధనతోపాటు ఎంపికకును పాలు గలదు. ఎంపిక కాని పిల్లవానికి ఊరిబడియే దిక్కు.

మక్తల్ ప్రాంతమునే చూడుడు. నేడు నారాయణపేట జిల్లాలోనున్న ఈ పట్టణము 2011లో మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. ఆ యేటి జనగణనలో ఆ జిల్లా అక్షరాస్యత నూటికి 55. నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలో అదియే తక్కువ. వానలు తప్పిన యేట తల్లిదండ్రులు పూనాకో బొంబాయికో కూలికి వెడలుచుండిరి. వారి వెంట మూటతో బడిపిల్లయు వెడలెడిది. పలకపై పాఠము సగములో నిలిచిపోయెడిది. కన్నడ సీమ చేరువ గనుక, ఇంట నొక భాష, బడిలో నొక భాష గల పిల్లలును కలరు. అట్టి పిల్ల తిరిగివచ్చి, తప్పిన పాఠములు కూడగట్టుకొని, పరీక్షలో నెగ్గినచో, ఆ బడి చేసిన పని అల్పమైనదా?

నీరు తోడినవాని శ్రమ తెలియవలెనన్న కడవను మాత్రమే చూచిన చాలదు; బావి లోతును గూడ చూడవలెను.