విప్పుకునే పందిరి

లెక్కల పుస్తకాల్లో ఆస్తులు రెండు రకాలు. కదిలేవి, కదలనివి. చరాస్తి, స్థిరాస్తి అని మన పెద్దలు వాటికి చక్కటి పేర్లే పెట్టారు. బి.కాం. చదువుకుని, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో కలం అరగదీస్తున్న నాబోటివాడికి స్థిరాస్తి అంటే ఒక గౌరవం. నేల, ఇల్లు, తోట ఎక్కడికీ పోవన్న ధైర్యం మీదనే బ్యాంకుల వ్యాపారం సగం నడుస్తుంది. అయితే మన గంజాం జిల్లాలోనే ఆ ధైర్యం చెల్లని ఊళ్ళు కొన్ని ఉన్నాయి. రామయ్యపట్నం వాటిలో ఒకటి.

రామయ్యపట్నం చికిటి వైపు, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా, సముద్రాన్ని ఆనుకుని ఉన్న బెస్తల ఊరు. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధాని నుంచి విడిపోయి కొత్త ఒరిస్సాలో చేరినప్పుడు ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది, మనం ఇటు వచ్చాం. ఒడ్డున ఉన్నవాళ్ళకు మాత్రం ఆ గీత పెద్దగా పట్టలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సముద్రం మీద మళ్ళీ తెలుగు. ఒడియా వాళ్ళు వీళ్ళని నోళియాలంటారు. పూరీ పెంటకోటలో వినబడేదీ దాదాపు ఈ తెలుగే.

గత కొన్నేళ్ళుగా ఆ ఊరిని సముద్రం కోసుకుపోతున్నది. ముందు వీధి పోయింది, ఆ వెనక వీధి ముందు వీధి అయింది. సగం గోడ, గడప లేని గుమ్మం, నీళ్ళలో తేలిన నూతి వర పత్రికల్లో ఫోటోలుగా మీరు చూసే ఉంటారు. ఋషికుల్య మొగ దగ్గర పొడంపేట అయితే జనం వదిలి వెళ్ళిపోయిన ఊరే అయిపోయింది. ఈ కథ తెలిసిందే కాబట్టి నేను చెప్పదలచింది ఇళ్ళను గురించి కాదు. ఆ ఇళ్ళు పోయినచోటే, పగలల్లా నిలబడి ఉండే ఒక చిన్న వస్తువును గురించి.

ఒడ్డు వెంట నడిస్తే అది ఎక్కడైనా కనిపిస్తుంది. రెండు గెడలు కత్తెరలాగా అడ్డంగా వేసి, పైన తాడుతో బిగిస్తారు. అయిదారు గజాల దూరంలో అలాంటిదే ఇంకో కత్తెర. రెండింటి మెడల మీదుగా, ఇంటికి వెన్నుదూలంలాగా, ఒక పొడవాటి గెడ. దాని మీద పాత తెరచాప గుడ్డో, ఇప్పుడైతే ఆకుపచ్చటి నీడవలో పరుస్తారు. కింద, ఒక కత్తెర నుంచి ఇంకో కత్తెరకు, చిరిగిన లావు వల ఒకటి ఉయ్యాలగా వేలాడుతుంది. అందులో మధ్యాహ్నం పిల్ల పడుకుంటుంది, రాత్రంతా వేటాడి వచ్చిన తండ్రి కూడా పడుకుంటాడు. నీడ చాలకపోతే మూడో కత్తెర పక్కన పెట్టి, ఇంకో గెడ కలుపుకుంటారు. చాలు అనుకుంటే విప్పి భుజాన వేసుకుని పోతారు. పట్నాల్లో ఇప్పుడు ఇలాంటివి ఇనుప గొట్టాలతో, మరబిగింపులతో, డాబాల మీదికీ తోటల్లోకీ అమ్ముతున్నారు. ధర చూస్తే గుండె ఆగుతుంది. సూత్రం మాత్రం ఇదే.

చెట్టుకు కట్టుకోవచ్చు కదా అని మీరడగవచ్చు. ఆ ఇసుకలో ఉయ్యాల కట్టదగ్గ చెట్టేదీ? కొబ్బరికి కొమ్మ ఉండదు. సరుగుడు కొమ్మ మనిషి బరువుకు ఆగదు. మొగలిపొద దగ్గరికి ఎవరూ పోరు. జూన్ నెల నడుమ రజ పండుగ మూడు రోజులూ ఒడియా ఆడపిల్లలు ఊగుతారు, ఆశ్వయుజంలో అట్లతద్దికి మన ఆడపిల్లలు ఊగుతారు. రెండు పండుగలూ ఉయ్యాలవే, లోపలి ఊళ్ళల్లో రెండింటికీ మామిడి కొమ్మో మర్రి కొమ్మో దొరుకుతుంది. ఒడ్డున పుట్టిన పిల్లకు రెండు పండుగలకూ ఈ కత్తెర గెడలే కొమ్మలు.

ఇందులో ఉన్న లెక్క నాకు తరవాత తెలిసింది. ఉయ్యాలను ఎంత బిగించి కడితే అంత మంచిదనుకుంటాం. నిజానికి తిరగబడి ఉంటుంది. అరవై కిలోల మనిషి పడుకున్నప్పుడు తాడు నేలకు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో వైపు లాగుడు కూడా సుమారు అరవై కిలోలే. అదే తాడును బిగించి, వాలును 10 డిగ్రీలకు తగ్గిస్తే ఆ లాగుడు 170 కిలోలు దాటుతుంది. అందుకే ఆ ఒడ్డున ఉయ్యాలలన్నీ నడుము వంగి, పొట్ట జారి ఉంటాయి. చూడ్డానికి బద్ధకంగా కట్టినట్టుంటుంది, కానీ కట్టినవాడికి లెక్క తెలుసు.

రెండో విషయం వెన్నుగెడది. చెట్ల నడుమ కట్టిన ఉయ్యాల రెండు చెట్లనూ దగ్గరకు లాగుతుంది, వేళ్ళు ఆపుతాయి. ఇసుకలో పాతిన రాట అలా ఆగదు, రోజూ కదిలి కదిలి గొయ్యి వదులవుతుంది. ఇక్కడ మాత్రం కత్తెరలను లోపలికి లాగే బలాన్ని వెన్నుగెడే అడ్డుపడి మోస్తుంది. నేల మీద పడేది నిలువు బరువు ఒక్కటే. కాళ్ళ కింద చెక్కపలక ఉంటే అవి ఇసుకలో దిగబడవు. గోతులు తవ్వే పని లేదు. నేలను నమ్ముకోకుండా తనలో తానే నిలబడే కట్టడం అది. వెదురుకు చిల్లు పెడితే చీలుతుంది కాబట్టి మేకు, మర లేకుండా తాడుతోనే కడతారు. ఇనుప గొట్టమైతే మరబిగింపు సులువు, కానీ ఉప్పుగాలికి ముందు తుప్పుపట్టేది ఆ మరే.

గాలి మాటా చెప్పాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే చదరపు మీటరుకు ఆరు కిలోల తోపుడు, పన్నెండు చదరపు మీటర్ల గుడ్డ మీద డెబ్బై కిలోల పైన. 200 కిలోమీటర్ల గాలిలో అదే గుడ్డ మీద రెండు టన్నులు దాటుతుంది. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ అంత గాలి తెచ్చింది. అంత గాలికి ఏ పందిరీ ఆగదు, ఆపాలనుకోవడమే తెలివితక్కువ. ఊరివాళ్ళు రెండు పనులు చేస్తారు. మామూలు గాలి కోసం టార్పాలిన్‌కు బదులు కళ్ళున్న నీడవల వాడతారు, సగం గాలి అందులోంచి పోతుంది. ఇసుక నింపిన బస్తాను గోతిలో పాతి దానికి తాడు కడతారు, ఇసుకలో మేకు నిలవకపోయినా ఇసుక బస్తా నిలుస్తుంది. పెద్ద గాలి వస్తుందని తెలిస్తే విప్పేస్తారు.

ఈ నీడ మనుషులకే కాదు, వలకు కూడా. పూర్వం నూలు వలలకు తడి శత్రువు. రోజూ ఎండ చూపించకపోతే కుళ్ళిపోయేవి. నైలాను వచ్చాక వ్యవహారం తలకిందులైంది. దానికి తడి ఏమీ చెయ్యదు, ఎండ తినేస్తుంది. తాతలు ఎండలో ఆరేసిన చోట మనవలు నీడలో మడతపెడుతున్నారు.

2017లో నేను ఆ ప్రాంతపు శాఖ ఒకదానిలో పనిచేస్తున్నాను. ఒక మహిళా సంఘం సభ్యులు పదిమంది వచ్చారు. చేపలు ఎండబెట్టి అమ్ముకునేవాళ్ళు. ఇసుకలో పరిచిన చేపకు ధర రాదు, ఎత్తున పరిచిన దానికి వస్తుంది. ఇనుప గొట్టాల పందిళ్ళు ఆరు కావాలన్నారు. పొద్దున చేప ఎండబెట్టడానికి వల పరుచుకునే మంచెగా, మధ్యాహ్నం నీడగా, ఎప్పుడూ పిల్లల ఉయ్యాలగా పనికొచ్చేట్టు. అరవై వేలు అప్పు.

దరఖాస్తులో ఒక గడి ఉంది. వస్తువును ఏ స్థలంలో నెలకొల్పుతారు, సర్వే నంబరు ఎంత అని. అది చదివి తెలుగులో చెప్పాను. వాళ్ళలో పెద్దావిడ నవ్వింది.

"నంబరడిగితే ఏటి చెప్పేది బాబూ? మా ఈదికి నంబరుండేది. ఇప్పుడా ఈదే నేదు."

"మరి పందిరి ఎక్కడ వేస్తారమ్మా?"

"ఒడ్డెక్కడుంటే అక్కడ."

ఆ గడిలో రాయడానికి అంతకన్నా నిజమైన జవాబు నాకు తోచలేదు. పడవకు అప్పిస్తాం, వలకు అప్పిస్తాం, వాటికి సర్వే నంబరు అడగం. వస్తువు అప్పు తీసుకున్నవాడి దగ్గరే ఉంటుంది, హక్కు బ్యాంకుది. హైపోథికేషన్ అంటే అదే. ఈ పందిరి కూడా వేట సామానులాంటిదేనని వాదించి నోట్ రాశాను. పై కార్యాలయం నుంచి రెండుసార్లు కాగితం తిరిగి వచ్చింది. విప్పి పట్టుకుపోగల వస్తువుకు భద్రత ఏమిటి అన్నది వాళ్ళ ప్రశ్న. విప్పి పట్టుకుపోగలగడమే దాని భద్రత అన్నది నా జవాబు. మూడోసారి మంజూరయింది.

మరుసటి ఏడు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నవరాత్రులు మొదలైన మర్నాడు. ముందురోజే ఒడ్డు ఊళ్ళు ఖాళీ చేయించారు. నేను వారం తరవాత తనిఖీకి వెళ్ళాను. ఇంకో కొన్ని గోడలు లేవు. పందిళ్ళు అయిదు ఉన్నాయి, ఉన్నచోట కాదు, రెండు వందల గజాలు లోపలికి. ఖాళీ చేసి వెళ్ళేముందు ఆడవాళ్ళు బిగింపులు విప్పి, గొట్టాలు కట్టలు కట్టి, మరలు ఒక డబ్బాలో పోసి తుపాను భవనానికి మోసుకుపోయారట. ఆరోదాని గొట్టాలు వంగిపోయాయి. మిగిలిన అయిదింటిలో రెండు కలిపి పొడుగ్గా వేసి, కింద వంట చేస్తున్నారు. మిగిలినవాటిలో పిల్లలు నిద్రపోతున్నారు. ఊళ్ళో ఆనాటికి పనికొచ్చే పైకప్పు అంటే ముందుగా నిలిచినవి అవే.

తనిఖీ కాగితంలో, వస్తువు దరఖాస్తులో చెప్పిన చోటే ఉన్నదా అని ఒక ప్రశ్న ఉంటుంది. "లేదు. అందువల్లనే ఉన్నది" అని రాసి సంతకం పెట్టాను. ఎవరూ వివరణ అడగలేదు. అప్పు ఇరవై నెలల్లో తీరిపోయింది.

తాత్కాలికం అనే మాటకు మనం చాలా తక్కువ విలువ కట్టామని అప్పటినుంచి నాకనిపిస్తుంది. మన ఇళ్ళల్లో అతి పెద్ద శుభకార్యం జరిగేది పక్కా భవనం కింద కాదు, నాలుగు రోజుల్లో విప్పేసే పందిరి కింద. దానికి రాట వెయ్యడానికే ముహూర్తం పెడతాం, పసుపు రాస్తాం. మన బరంపురంలో రెండేళ్ళకొకసారి ఠాకురాణి యాత్రకు కూడా ముందు శుభఖుంటి పాతుతారు. అమ్మవారు గుడి వదిలి, దేశీబెహరా వీధిలో తాత్కాలికంగా కట్టిన మందిరంలోకి వచ్చి కూచుంటుంది. రాట అన్నా ఖుంటి అన్నా ఒకటే. విప్పేస్తారని తెలిసి కూడా అంత శ్రద్ధగా నిలబెట్టడం రెండు భాషలవాళ్ళకీ తెలిసిన విద్య.

ఇప్పుడు కోత తిన్న ఊళ్ళకు లోపలి వైపున పక్కా ఇళ్ళు కావాలి. కావలసిందే, రాత్రి నిద్రకు గోడ కావాలి. కానీ బెస్తవాడి పగలంతా ఒడ్డునే. పడవ చేరేదీ, వేలం సాగేదీ, వల బాగుచేసేదీ, చేప ఎండేదీ అక్కడే. ఇంటిని లోపలికి జరిపి, పగటి నీడను మరచిపోతే, సముద్రం చేసిన పనిలో సగం మనమే పూర్తిచేసినట్టు. ఒడ్డున సిమెంటు షెడ్డు కడితే అదీ కొన్నేళ్ళకు నీళ్ళలోకే పోతుంది. ఉమ్మడిగా వాడుకునే ఇసుక కాస్త వదిలి, ఇంటికొక విప్పుకునే పందిరి ఇస్తే ఒడ్డు ఎటు జరిగితే అటు జరుగుతుంది.

ఇది పెద్ద పథకమేమీ కాదు. తుపాను తరవాత ప్రభుత్వం వేసే నష్టాల పట్టికలో పడవకూ వలకూ గడులు ఉంటాయి, వాటికి సాయం వస్తుంది. పందిరి పోయినవాడికి రాసుకునే చోటుండదు. బ్యాంకు దరఖాస్తులోనూ అంతే. పడవ, వల అన్న రెండు గడుల పక్కన మూడో గడి ఒకటి గీస్తే చాలు. కాగితం మీద దాన్ని ఒడియాలో ఏమన్నా, ఇంగ్లీషులో ఏమన్నా నాకు పేచీ లేదు. ఒడ్డున మాత్రం దాన్ని పందిరి అనే అంటారు.